పోయిన మూకుడు

శనివారం వస్తే అమెరికాలో శాన్ రామన్‌లోని రాధారాణి ఇంట్లో పొయ్యి వెలిగేది కాఫీకి మాత్రమే. మధ్యాహ్నం భోజనం వీధి చివరి చైనా వాళ్ల సిచువాన్ హోటల్లో. తొమ్మిదేళ్లుగా అదే ఆనవాయితీ. కోడిగుడ్డును కూడా గడప తొక్కనివ్వని రాధారాణికి, నాలుక చుర్రుమనేలా మాపో టోఫు వండి పెట్టే చోటు అదొక్కటే. టోఫు అంటే సోయా పనీరే కదా, ఇంక భయమేముంది?

సోమవారం కూతురు అనిక కొత్త ఉద్యోగానికి రెడ్‌మండ్ వెళుతోంది. శనివారం పొద్దున ఆమె కోసం గిన్నెలు సర్దుతూ రాధారాణి పాత పాట ఎత్తుకుంది.

"నా పెళ్లికి మా అమ్మమ్మ నా పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు మూకుడు ఉంటే నీకే ఇచ్చేదాన్ని. వసంతలక్ష్మి ఇంట్లో తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి పట్టుకెళ్లాను, అంతే సంగతులు."

"ఆంటీ తీసుకోలేదు అమ్మా," అంది అనిక మెల్లగా.

"నువ్వు చూశావా? సర్లే. అక్కడ రూమ్మేట్ నీచు వండుకునే పిల్లయితే నీ గిన్నెలు ముట్టుకోనివ్వకు."

అనిక పెట్టెకు టేపు అంటించింది.

హోటల్లో ఎప్పుడూ అనికే కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆర్డర్ ఇచ్చి వస్తుంది. ఆ రోజు మాత్రం కూర్చోగానే రెడ్‌మండ్ అపార్ట్‌మెంట్ వాళ్ల ఫోన్ వస్తే బయటికి వెళ్లింది. కొత్తగా చేరిన వెయిట్రెస్ టేబుల్ దగ్గరికి రాగానే రాధారాణి హుషారుగా తానే చెప్పేసింది.

"మాపో టోఫు, వైట్ రైస్."

"అందులో పోర్క్ కీమా ఉంటుంది, ఫరవాలేదా?" అని ఆ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది.

రాధారాణి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్లు. కార్తీకమాసం శనివారాలు కూడా. ఆమె భర్త మోహన్ మెనూలో తల దూర్చేశాడు. గాలివానకు ముందు ఆయనెప్పుడూ అంతే.

అనిక తిరిగొచ్చేసరికి తల్లి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఇన్నేళ్లూ నాచేత ఏం తినిపించావే?" గొంతు పెంచకుండానే అడిగింది రాధారాణి. "దీంట్లో పోర్క్ వేస్తారట."

"నీ దాంట్లో వెయ్యరు అమ్మా. ప్రామిస్."

"వంటింట్లోకి వెళ్లి చూశావా?"

"చూశాను."

అనిక లోపలికి వెళ్లింది. రెండు నిమిషాల తర్వాత హోటల్ యజమానురాలు మిసెస్ లిన్‌తో కలిసి వచ్చింది. ఆ పెద్దావిడ ఏప్రన్‌తో తుడుస్తూ తెచ్చిన పాత్రను టేబుల్ మీద పెట్టింది.

స్టీలు మూకుడు. అడుగు నల్లబడింది. అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. 'చి.సౌ. రాధారాణికి, అమ్మమ్మ.'

"మీ అమ్మాయి అప్పుడు ఇంత ఉండేది," అంది మిసెస్ లిన్, చేత్తో ఎత్తు చూపిస్తూ. "'ఇందులో వండితేనే మా అమ్మ తింటుంది, మాంసం తగలకూడదు' అంది. ఇప్పటిదాకా తగల్లేదు."

రాధారాణి ఆ అక్షరాల మీద వేలితో రాసింది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఇంక ఇక్కడికి రావు. మన ముగ్గురం బయట కలిసి తినేది ఇక్కడే కదా అమ్మా. పాట్‌లక్ నుంచి మూకుడు నేనే ఇక్కడికి తెచ్చేశాను. అప్పుడు నాకు థర్టీన్. వేరే ఐడియా రాలేదు."

"ఇంకేం దాచావు?"

అనిక తండ్రి వైపు చూసింది. ఆయన మెనూ పక్కన పెట్టేశాడు.

"నేను చికెన్ తింటాను అమ్మా. కాలేజ్ నుంచి. నీ ఎదురుగా ఎప్పుడూ తినలేదు."

రాధారాణికి ఆ మాట గుచ్చుకుంది. కానీ ఎదురుగా ఉన్న మూకుడు ఆమెను కోపగించుకోనివ్వలేదు. ఇష్టమైనది పక్కన పెట్టి, ప్రతి శనివారం తన ముందు టోఫు తిన్న పిల్ల. పదమూడేళ్లప్పుడే తల్లి మడిని కనిపెట్టుకుని ఉన్న పిల్ల. ఈ పిల్లకా తను పొద్దున నీచూ గిన్నెలూ అంటూ పాఠాలు చెప్పింది? కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"అనిక వెళ్లిపోతోందిగా, ఇంటికి తీసుకెళ్లండి," అంటూ మిసెస్ లిన్ మూకుడును ముందుకు జరిపింది.

రాధారాణి దాన్ని రెండు చేతులా ఎత్తి ఆవిడకే ఇచ్చేసింది. "మీ దగ్గరే ఉండనివ్వండి. వచ్చే శనివారం మేమిద్దరం వస్తాం."

తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, మెనూ తీసి కూతురి ముందు పెట్టింది.

"నీకు కావలసింది చెప్పుకో. నా ఎదురుగానే తిను."

"అమ్మా, నిజంగానా?"

"రెడ్‌మండ్‌లో నీ వంటిల్లు నీది. నేనొచ్చినప్పుడు మాత్రం నాకో మూకుడు విడిగా ఉంచు, అంతే." చెప్పి ఫోన్ అందుకుంది. "ముందు వసంతలక్ష్మికి ఫోన్ చెయ్యాలి. తొమ్మిదేళ్లుగా పాపం ఆవిణ్ణి దొంగను చేసి కూర్చున్నాను."