ఆరు దాటాక చెప్పు

ఆ ఇంట్లో పొద్దున్నే ముందుగా నిద్రలేచేది అక్క నోరు. మిగతా అక్క ఆ తరువాత తీరిగ్గా లేస్తుంది.

"ఒరేయ్, ఆ మొహం కాస్త సడలించరా! నువ్విలా వెళితే నీ కొట్లో అద్దాలే జడుసుకుంటాయి," అంది, తమ్ముడి చేతికి అన్నం డబ్బా అందిస్తూ.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని నేర్పింది నువ్వేగా," అన్నాడతను.

"బేరం దగ్గర పనికొస్తుందని నేర్పాన్రా. ఇంట్లో కూడా తగిలించుకు తిరగమన్నానా?"

పొయ్యి దగ్గర భార్య అటు తిరిగి నవ్వుకుంది.

అతనిది అద్దాల కొట్టు. కిటికీలకూ బీరువాలకూ కొలతకు కోసి ఇస్తాడు. కొట్టు పెట్టిన కొత్తలో మనిషి వెన్నముద్ద. అద్దం చిట్లితే కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూసిన బేరగాడు సగానికి సగం అడిగేవాడు. ఇంటి నుంచి చెడ్డ కబురు వస్తే చెయ్యి వణికేది, ఆ వణుకుకి మరో అద్దం పోయేది. ఒకసారి వేలే తెగింది. అప్పుడు పెట్టుకున్నాడు ఒక నియమం. షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం ఆరింటికి దించేదాకా చెడ్డమాట చెవిన పడకూడదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న, "మంచా, చెడా?" మంచయితే వింటాడు. చెడయితే, "ఆరు దాటాక చెప్పు," అని టక్కున పెట్టేస్తాడు.

నియమం పనిచేసింది సుమండీ! మనిషి రాయి అయ్యాడు. అద్దాల లారీ బోల్తాపడి సరుకంతా పిండయితే, ఆ పిండి పక్కనే నిలబడి ఒక కప్పు టీ తాగాడని చెప్పుకున్నారు. ఆ మాట వీధి చివరకు చేరేసరికి ఏడు కప్పులయింది. నెత్తిన పిడుగు పడబోతే దానికీ "ఆరు దాటాక రా" అంటాడనీ, అది తలవంచుకుని వెళ్ళిపోతుందనీ అక్కే నలుగురికీ చెప్పి నవ్వేది.

ఆ రోజు పదకొండింటికి, ఒక మేస్త్రీతో కిటికీల కొలతలు మాట్లాడుతుండగా ఫోన్ మోగింది. భార్య.

"మంచా, చెడా?"

"చెడేనండీ, కానీ..."

"ఆరు దాటాక."

మళ్ళీ మోగింది. మళ్ళీ అదే అడిగాడు, అదే విన్నాడు, అదే చేశాడు. మూడోసారి మోగితే ఫోన్ నొక్కేసి బోర్లించాడు.

"ఇంట్లో కుళాయి కారినా నాకే చెబుతారు," అన్నాడు. మేస్త్రీ పగలబడి నవ్వాడు.

ఆరింటికి షట్టర్ దించి, తాళం వేసి, తానే ఫోన్ చేశాడు. "ఊ, ఇప్పుడు చెప్పు."

"ఆసుపత్రికి రండి," అంది భార్య. ఆ గొంతులో తడి లేదు.

వెళ్ళేసరికి అక్క మొహం మీదికి దుప్పటి లాగి ఉంది. గుండెపోటు. నాలుగుంబావుకి పోయిందన్నారు. దుప్పటి తీసి చూశాడు. మాట్లాడకుండా ఉన్న అక్కను బుద్ధెరిగాక అతను చూడడం అదే మొదలు.

నడవాలోకి వచ్చి భార్య మీద విరుచుకుపడ్డాడు.

"అక్క అని ఒక్క ముక్క! ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదా నీకు?"

"అననిచ్చారా?"

"ఎవర్నయినా పంపొచ్చుగా!"

"పంపబోయాను. పక్కింటాయన బండి కూడా తీశాడు. వదినే నా చెయ్యి పట్టుకుని ఆపింది. 'వాడి చేతిలో అద్దం ఉంటుందమ్మాయ్, వేలు తెగుతుంది. ఆరింటిదాకా నేను ఉంటాలే' అంది."

"ఉంటానందా?"

"అంది. నర్సు వచ్చినప్పుడల్లా టైమెంతని అడిగింది. మూడున్నరకి అడిగితే, అయిదు దాటిందని అబద్ధం చెప్పాను. ఎంత సంతోషపడిందో! 'అయితే సర్దుతుంటాడు' అంది."

అతను అక్కడే నేలమీద కూలబడిపోయాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూశారు. రాయి అని పేరుబడ్డ మనిషి, చెప్పుల స్టాండు పక్కన చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు, దగ్గరికీ రాలేదు.

చాలాసేపటికి తలెత్తాడు. "నాకు చెప్పకుండా ఉన్నవి ఇంకా ఏమైనా ఉన్నాయా?"

"ఆరు దాటాక మీరు అలిసిపోయి వస్తారు. అన్నం తినగానే నిద్ర. ఎప్పుడని చెప్పను? రెండేళ్ళయింది... నా రొమ్ములో గడ్డ ఉందన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పదిరోజులు ఎదురుచూశాం, నేనూ వదినా. చివరికి ఏం కాదన్నారులెండి."

"పదిరోజులు... నేనెక్కడున్నాను?"

"ఇంట్లోనే ఉన్నారండీ."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండుననిపించింది అతనికి.

"అన్నీ వదినకే చెప్పుకునేదాన్ని," అంది ఆమె. అంతవరకూ పొడిగా ఉన్న గొంతు అప్పుడు చీలింది. "ఇక ఎవరికి చెప్పుకోను?"

అతను పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె ఆ నేలమీదే, అతని భుజానికి ఆనుకుని కూర్చుంది.

"నాకు చెప్పు," అన్నాడు.

"తట్టుకోగలరా?"

"తెలీదు. చెప్పు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తన కళ్ళు ముందు, అతనివి తరువాత. ఆ పదిరోజుల్లో మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది.