తీసేసిన రాగిపట్టీ

మధ్యాహ్నం రెండున్నరకి వదినా మరిదీ చేపల గిడ్డంగి ముందు స్కూటరు దిగారు. వదిన ముప్పై ఏళ్ళుగా కరెంటు పనులు తనిఖీ చేసే మనిషి. ఆవిడ సంతకం పెట్టిందంటే కళ్ళు మూసుకుని స్విచ్చు వెయ్యొచ్చని పేరు. మరిదికి పని నేర్పింది కూడా ఆవిడే. ఇక్కడ జనరేటరు బిగించింది అతనే.

మూడు రోజుల కిందట కరెంటు పోయి జనరేటరు నడుస్తుండగా, చేపలు తూచే ఆమె చల్లగది స్టీలు తలుపు పట్టుకుని, పట్టుకున్నట్టే ప్రాణం వదిలింది. గుండె ఆగిందన్నాడు మేనేజరు. ఆ రోజునుంచీ కరెంటు కట్టేసి, సరుకు లోపలుండగానే తాళం వేశారు. తప్పు కరెంటుదో కాదో చూసి రాసివ్వాల్సింది వదిన.

షట్టరు ఎత్తగానే వాసన వచ్చి నాలుక మీద కూర్చుంది. వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. కిటికీ లేని ఆ హాల్లో టార్చి వెలుగు పడ్డచోటల్లా నేల నిగనిగలాడుతోంది. చల్లగది తలుపు కిందినుంచి పచ్చటి జిగురు కారి కాలవ కట్టింది. దాని మీద ఈగలు ఎంత ఒత్తుగా వాలాయంటే, చెప్పు పెడితే చిటపటమన్నాయి.

వదిన ముందు జనరేటరు పెట్టె విప్పింది. లైనుకీ జనరేటరుకీ మార్చే స్విచ్చు ఇక్కడ న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగొచ్చే తీగని, కూడా విడదీసే రకం. అలాంటప్పుడు జనరేటరు న్యూట్రల్‌ని భూమిలోకి దింపితే సరిపోదు. తలుపులనుంచీ మోటార్లనుంచీ వచ్చే ఎర్తు తీగలన్నిటినీ రాగిపట్టీతో దానికి కలపాలి. ఆ పట్టీ ఉండాల్సిన చోట రెండు బోల్టులు మాత్రం బోసిగా మెరుస్తున్నాయి.

"పట్టీ ఏదయ్యా?"

మరిది నేల చూపులు చూశాడు. "జనరేటరు వేసినప్పుడల్లా బ్రేకరు పడిపోతోందని మేనేజరు ఒకటే గోల, వదినా. అందుకని..."

"తీసేశావు."

"ఊరికే పడిపోతోంది కదా అని..."

"బ్రేకరు ఊరికే పడదు. ఎక్కడో తీగ ఇనుముకి తగిలిందని మొత్తుకుంటుంది. నువ్వు దాని నోరు నొక్కేశావు. పట్టీ లేకపోతే కరెంటు మట్టిలోంచి తిరిగి రావాలి. అది బ్రేకరు పడెయ్యడానికి చాలదు. మనిషిని చంపడానికి చాలు."

అతను గొంతు తగ్గించాడు. "చనిపోయినావిడ వారం ముందే చెప్పింది వదినా. తలుపు కొరుకుతోంది, ఒక్కసారి పట్టుకుని చూడమంది. నేను... చేతులు తుడుచుకోమన్నాను."

వదినకి కుళ్ళిన చేపల మధ్య ఈ శుభ్రమైన చొక్కా మనిషే ఎక్కువ కంపు కొట్టాడు.

తలుపు అంచుల్లో మంచు పేరకుండా వెచ్చగా ఉంచే తీగ ఒకటుంది. అది నీళ్ళకి నాని, పగిలి, స్టీలుకి తగులుతోంది. దాన్ని విడగొట్టి, తన సంచీలోని రాగిపట్టీ బిగించి, ఎర్తు గుంట మూత తీసింది. తడిగా ఉండాలని అందులో చేపలు కడిగిన నీళ్ళు పోస్తూ వచ్చారు. తెల్లటి పురుగులు అన్నంలా ఉడుకుతున్నాయి. వాటి మధ్య, భూమిలోకి దిగిన ఎర్తు గొట్టం చుట్టూ, ఆడవాళ్ళ పొడవాటి జుట్టు. జడ అల్లినంత పొందిగ్గా చుట్టి ఉంది...

కడుగునీళ్ళతో కొట్టుకొచ్చి ఉంటుందనుకుంది. పటకారుతో పట్టి లాగింది.

కిందినుంచి ఎవరో లాగారు.

పటకారు జారి బురదలో మునిగిపోయింది. వదిన మూత మళ్ళీ గుంట మీదికి తోసేసి, చేతులు చీరకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు. జనరేటరు వెయ్యి."

మిషను గర్జించింది. తలుపుకీ భూమికీ మధ్య మీటరు పెట్టింది. సున్నా.

"బాగైపోయిందిగా," అన్నాడు మరిది మెల్లిగా. "గుండె ఆగిందనే రాసెయ్యి వదినా. మన ఇంటి పరువు..."

"ముందు ఆ తలుపు పట్టుకో. నీ చేత్తో చూసి చెప్పు."

అతను కుడిచేత్తో పిడి పట్టుకున్నాడు. "ఏం లేదు. చల్లగా ఉంది, అంతే." నవ్వాడు.

నవ్వు ఆగిపోయింది.

"వదినా... వదలడం లేదు..."

మీటరు చూసింది. సున్నా. పరుగెత్తి జనరేటరు ఆపేసింది. చప్పుడు లేదు. కరెంటు లేదు. ఎక్కడా ఏమీ లేదు. అతను మోకాళ్ళ మీదకి జారిపోయాడు. చెయ్యి మాత్రం పిడి మీదే...

నడుం పట్టుకుని బలంకొద్దీ లాగింది. తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. ఇద్దరూ ఆ జిగురులో వెల్లకిలా పడ్డారు. పిడి మీద అతని అరచేతి తోలు, గీతలతో సహా, వేలాడుతోంది.

వదిన ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. పట్టీ తీసిందెవరో రాసేటప్పుడు కలం ఆగలేదు. ఇంట్లో ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. అయినా ఎనిమిదోరోజు కట్టు విప్పించడానికి మరిదిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే.

కొత్త చర్మం గులాబీరంగులో, చిన్నపిల్లల తోలంత మెత్తగా వచ్చింది. డాక్టరు అతని చేతిని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బాగానే మానింది. ఇక వదులు బాబూ."

మరిది తన చేతికేసే చూస్తున్నాడు.

"నొప్పెడుతోంది. వేళ్ళు వదులు."

"నేను... పట్టుకోలేదండీ," అన్నాడు మరిది గుసగుసగా.