మల్లవ్వ ముంత

కామాటిపురా తొమ్మిదో గల్లీల మన తెలుగోళ్ళ చాళ్ళ, అంటే వరుస ఖోలీల మేడల, రెండో అంతస్తు వరండా చివర ఒక ఒంటిగది ఖోలీ ఉంది. పొద్దుగూకినంక ఆడోళ్ళు ఆ దిక్కు నీళ్ళకు కూడా పోరు. అందరూ పండుకున్నంక లోపల్నుంచి చప్పుడొస్తదట... గల్ గల్... గల్ గల్... ఎవరో రాగి పైసలు కుమ్మరించి, మల్ల ఒక్కొక్కటి ఏరుతున్నట్టు.

నవ్వేటోళ్ళు నవ్వుకోండి. ముందు సంగతి వినండి.

ఆ ఖోలీ మల్లవ్వది. పాలమూరు దిక్కు నుంచి మట్టిపనికొచ్చిన కుటుంబం. ఆ చాళ్ళకంతా మంత్రసాని ఆమెనే. బిడ్డ పుట్టంగనే, నడుమ బొక్క ఉండే పాత రాగి పైసను నల్లదారానికి ఎక్కించి మొలకు కట్టేది. బిడ్డ బతికి బట్టకట్టిందా, పైస వాళ్ళదే. బతకలేదా... తనే వచ్చి, మొల మీది దారం తెంపి, ఆ పైసను తన మట్టిముంతల వేసుకునేది. పిల్ల మొల మీది పైస ముంతల పడ్డదంటే ఆ పిల్ల ఇక మనది కాదన్నట్టు. ముంతలున్న పైస మల్ల ఏ పిల్ల మొలకూ ఎక్కొద్దు. ఇది చాళ్ళ చిన్నపిల్లలక్కూడా ఎరుకే.

మిల్లులు బందైన మరుసటేడు మల్లవ్వ కన్నుమూసింది. ధారావి నుంచి ఆమె అన్న కొడుకు రాజమల్లు వచ్చిండు. కర్మలు కాకముందే సామాన్లు బేరం పెట్టిండు, సిగ్గులేనోడు!

"లస్మన్నా, పాత రాగి కొంటవు గద. ఈ ముంత తూకమేసుకో. మిగిలిన సామాను గూడ అమ్మిపెట్టు" అని తాళంచెవి చేతుల పెట్టి పోయిండు.

లస్మయ్య ఉండేది అదే అంతస్తుల. చెల్లని పైసలు, అణాలు గంపగుత్తగ కొనుడే వాని పని. చాళ్ళన్నీ తిరిగి గోనెసంచిల మోసుకొచ్చి, నేల మీద పరిచి ఏరేటోడు. అచ్చు చెదరనివి, పైస మీది సాలు, అదే ఏడు, అరుదైనవి గ్రాంట్ రోడ్డుల పాత నాణేలు కూడబెట్టే సేటుకు. మిగిలినవన్నీ నాగ్‌పాడాల రాగి కరిగించే కొలిమికి.

ముంతను చూడంగనే వాని పెండ్లాం భూదేవి గడపలనే అడ్డం నిలబడ్డది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న తల్లి ఆమె. వాళ్ళ పైసలు గూడ ఆ ముంతలనే ఉన్నయి. మూడో కాన్పుకు ఆడపిల్ల. నిలవాలని పెంటమ్మ అని పేరు పెట్టి, మల్లవ్వ చేత పైస కట్టించుకున్నరు. ఇప్పుడిప్పుడే పిల్ల గోడ పట్టుకొని నిలబడుతున్నది.

"దండం పెడుత... అది ఇంట్లకు తేకయ్యా."

"రేపు కొలిమికి పోతది తీయ్! రాగి రాగే. బొక్క పైసకు, బొక్క పైసకు తేడా ఏముంటదే?"

ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ సాయంత్రమే గ్రాంట్ రోడ్డు సేటు ఒక సాలు చెప్పి, ఆ సాలు బొక్క పైస దొరికితే కిలో రాగి కంటె ఎక్కువిస్తనన్నడు. లస్మయ్య ముంతంత గాలించిండు. లేదు. అప్పుడు యాదికొచ్చింది — ఆ సాలుది తన బిడ్డ మొల మీదనే ఉన్నది!

భూదేవి నల్లా కాడ ఉన్నది. పిల్ల నిద్రల ఉన్నది. దారం విప్పిండు. ఆ పైస తీసిండు. ముంతలకెల్లి ఇంకోటి తీసి ఎక్కించి, ఎట్లున్నదట్ల ముడేసిండు.

ఎవరు కనిపెడ్తరు?

ఆ రాత్రి పిల్ల ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. భూదేవి తడిగుడ్డ వేసి వేసి అలసిపోయి, కూసున్నకాడనే కన్నంటుకుంది. వరండాల బత్తీ పోయి ఉన్నది. అప్పుడు... మంచం కింద, ముంత పెట్టిన గోనెసంచిల...

గల్.

ఎలుక అనుకున్నడు.

గల్... గల్... ఒకటెనక ఒకటి. ముంతల పైసలను ఎవరో తీరిగ్గ వేళ్ళతో తడుముతున్నట్టు. చప్పుడు ఆగింది. చెవి పక్కనే, మల్లవ్వ నమిలే వక్కాకు వాసనతో —

"ఒకటి తక్కువున్నదిరా లస్మా..."

ఏది తక్కువో ఎరుకే. వాని బిడ్డ మొల మీదున్నది! చచ్చిన పిల్ల పైస!

ఇక ఆగలేదు. కత్తెర తీసి, పటుక్కున దారం తెంపిండు. పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకున్నది. ముంత చంకన పెట్టుకొని, గోడ తడుముకుంట వరండా చివరికి ఉరికిండు. తాళం తీసిండు. లోపలంత చీకటి. మల్లవ్వ కూసునే మూలకు ముంత పెట్టి, దారంలకెల్లి పైస ఊడదీసి —

"నీది నీకిస్తున్న అవ్వా... నా బిడ్డను నాకియ్యి" అని లోపల వేసిండు.

గల్.

"ఆఁ... సరిపోయినయి" అన్నది చీకటి.

అప్పుడు వెలిగింది లస్మయ్యకు. పిల్ల మొల మీది దారం తెంపి, పైసను ముంతల వేసుడు... అదెప్పుడు చేసేది మల్లవ్వ?

తన చేతులతో, బతికున్న బిడ్డను...

"లేదవ్వా! తప్పయింది! తీస్త, ఇప్పుడే తీస్త!" ముంతల చెయ్యి పెట్టిండు. పిడికెడు పైసలు. తడిమిండు. అన్నిటికీ అంచు, అన్నిటికీ బొక్క. ముంత బోర్లించిండు. నేలంత దొర్లినయి. అగ్గిపుల్ల గీసిండు. ఇదా? ఇది కాదేమో... ఇదా?

వరండా అవతల పిల్ల ఇంకా ఏడుస్తున్నది. దేవుడా, ఏడువనీ... ఏడుస్తున్నంతసేపు ఉన్నట్టే గద! ఇదా? ఇదా? పుల్ల ఆరింది. ఇంకోటి గీసిండు.

ఏడుపు ఆగింది.

లస్మయ్య పైస పట్టుకున్న చెయ్యి అట్లనే ఉండిపోయింది. చెవులు నిక్కబొడుచుకొని విన్నడు. చాళ్ళ ఎక్కడా చప్పుడు లేదు. కొంచెంసేపటికి... భూదేవి కేక.

ఆ తర్వాత భూదేవి ఊరికి పోయింది. లస్మయ్య ధందా వదిలేసి, ఆ ఖోలీనే కిరాయికి తీసుకున్నడు. కనుక ఆ చప్పుడు దయ్యానిది కాదు, వట్టి పిచ్చోనిదని చాళ్ళ పెద్దమనిషి శివరాం అందరికీ చెప్పేటోడు. పోరగాండ్లు ఉత్తగ భయపడుతున్నరని, ఒక రాత్రి తనే పోయి కిటికీలకెల్లి తొంగి చూసిండు.

దీపం పెట్టుకొని లస్మయ్య ఒక్కడే కూసున్నడు. ముందర పైసల కుప్ప. ఒక్కొక్కటి దీపానికి పెట్టి చూసి పక్కన పెడుతున్నడు.

శివరాం తెల్లారంగనే తన ఖోలీ ఖాళీ చేసి పెండ్లాంపిల్లలతో నాగ్‌పాడాకు మారిండు. ఏం చూసినవని అడుగంగ అడుగంగ, ఎప్పుడో ఒకసారి నోరు జారిండు.

ఏరేటోడు ఒక్కడేనట... పైసలు ఏరే చేతులు మాత్రం నాలుగట.