అన్నీ పచ్చగా వచ్చిన ఉదయం

2008 ఆగస్టు. బాన్సువాడ బస్టాండు వెనుక కంప్యూటర్ గదిలో ప్రోగ్రామర్ లక్‌పతిని ఎవరో గొంతు నులిమి చంపారు. మూడో రోజు ఉదయం ఆయన కుర్చీలోనే, విత్తనాల కంపెనీ మనిషి వేషంలో, ఇంటెలిజెన్స్ ఏజెంట్ రాజేశ్వర్ కూర్చున్నాడు.

హైదరాబాద్‌లో పై అధికారులు చెప్పి పంపింది చిన్నదే. పదకొండు గంటలకు రిజర్వాయర్ గేట్లు కొత్త వెబ్ సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తాయి. విదేశీ ముఠా అందులో ఏదో దాచిందని అనుమానం. అదే నిజమైతే గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దిగువన పన్నెండు తండాలు, లక్‌పతిది కూడా. అంతా బాగుంటే ఫోన్‌లో "వడ్లు ఎండినయ్" అనాలి. లేకుంటే "తడిసినయ్" అనాలి, అప్పుడు గేట్లను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం ఆపేస్తారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు వందల స్క్రీన్లు. చేత్తో పరీక్షిస్తే వారం పడుతుంది. లక్‌పతి రాసిన పరీక్ష కోడ్ తానే బ్రౌజర్ తెరిచి, బటన్లు నొక్కి, వచ్చిన జవాబు సరిచూసి, ఇరవై నిమిషాల్లో ముగిస్తుంది. ఇప్పుడు ఆ కోడ్ బాధ్యత ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్ పంపిన ప్రియదర్శినిది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చూపు తిప్పుకోనివ్వని అందం.

కనిపించని చేయి ఏదో నడిపినట్టు పేజీలు తెరుచుకుని మూసుకున్నాయి. పది యాభైకి, స్క్రీన్‌కొకటి చొప్పున, నాలుగు వందల గీతలూ పాసైనట్టు పచ్చగా వెలిగాయి.

"ఇగ ఫికర్ ఏందన్నా? ఫోన్ చెయ్," అంది ప్రియదర్శిని.

రాజేశ్వర్ నంబరు నొక్కబోతుండగా, భర్త సామాను కోసం లక్‌పతి భార్య దేవ్లి వచ్చింది. ఆమె కళ్లు స్క్రీన్ మీద ఆగాయి.

"ఎర్రది ఏది, అన్నా?"

"ఏ ఎర్రది?"

"ఒక పరీక్ష కావాలనే తప్పు రాసి పెడ్తుండె ఆయన. పసిబిడ్డకు దిష్టిచుక్క పెట్టినట్టు. అది ఎర్రగ రాకుంటే మిషిన్ కండ్లు మూసుకున్నట్టే అంటుండె."

రాజేశ్వర్ కోడ్ తెరిచాడు. జవాబు సరిచూసే వరుసలన్నీ ఎవరో తీసేశారు. కోడ్ బటన్లు నొక్కుతోంది, ఏం వచ్చిందో చూడడం లేదు.

ప్రియదర్శిని హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. రాజేశ్వర్ లేచి కుర్చీని ఆమె మీదికి తన్నాడు. తూటా మానిటర్‌ను పగలగొట్టింది. ఆమె చేయి వెనక్కి విరిచి పట్టుకుని ఫోన్ అందుకునేసరికి పది యాభై తొమ్మిది.

"వడ్లు తడిసినయ్."

"నేను ఒక్క తప్పు కూడా చెయ్యలే," అంది ప్రియదర్శిని.

"గదే నిన్ను పట్టిచ్చింది," అన్నాడు రాజేశ్వర్.

దేవ్లి తన భర్త టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. తండాలను కాపాడిన దేవుడు లక్‌పతిని ఎందుకు వదిలేశాడో రాజేశ్వర్‌కు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం గేట్‌మన్ మోతీరాం ఎప్పటిలాగే రిజర్వాయర్ గేటు ఇనుప చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఆయన్ని పరీక్షించే కోడ్ ఇంకా ఎవరూ రాయలేదు.