సోఫా వెనక పదకొండేళ్ళు

"మీ కాళ్ళు బాగానే ఉన్నాయటండీ! వినండి, వాళ్ళు ఏం రాశారో వినండి!"

సైనికుల ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని బొత్తాలమ్మ గదిలోకి వచ్చింది. కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కుడికాలు స్టూలు మీద చాపుకున్న భర్త మాత్రం వీధిలోకే చూస్తున్నాడు. ఆవిడే చదివింది. మధ్యలో ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. 'దరఖాస్తుదారు యుద్ధం నుంచి తిరిగి వచ్చిన తర్వాత పదకొండేళ్ళపాటు టెలివిజన్ హాస్య కార్యక్రమంలో గంతులు వేస్తూ, దొర్లుతూ కనిపించారు. యుద్ధంలో వాడిన రసాయనాల వల్ల ఆనాడే పాదాల నరాలు చచ్చుబడ్డాయన్న మాట నమ్మదగినదిగా లేదు. కనుక సైనికుల ఆస్పత్రిలో చేర్చుకోవడం కుదరదు. అభ్యంతరం ఉన్నచో పద్దెనిమిదో తేదీన వైద్య మండలి ముందు హాజరు కావలెను.'

కుదరదట! ఎంత సులువుగా రాసిపారేశారో చూడండి! ఆ కుడిపాదంలో పుండు నాలుగు నెలలుగా మానడం లేదు. వీధి చివరి డాక్టరు చేతులెత్తేశాడు. "ఇలాంటి నరాల జబ్బుకి వైద్యం సైనికుల ఆస్పత్రిలోనే ఉందమ్మా. ఈ నెలలో అక్కడ చేరితే పాదం దక్కుతుంది. లేకపోతే... మోకాలి దాకా తీసెయ్యాలి" అని మొహం మీదే చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి బొత్తాలమ్మ సరిగ్గా నిద్రపోయింది లేదు, కడుపునిండా తిన్నది లేదు.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు టెలివిజన్ స్టూడియోలో నటులకి దుస్తులు కుట్టేది. ఇప్పటికీ ఎవరి చొక్కాకి బొత్తాం ఊడినా వచ్చి నిలబడేది ఆవిడ గుమ్మంలోనే. ఇక భర్తగారి పేరైతే చెప్పనే అక్కర్లేదు. ఊరు ఊరంతటికీ ఆయన తూలుడు మావయ్య! టెలివిజన్ ఇంకా నలుపు తెలుపుల్లో ఉన్న రోజుల్లో, శనివారం సాయంత్రం ఏడు కొట్టేసరికి ఆయన తెర మీదికి వచ్చేవాడు. వస్తూనే తూలి బల్ల మీద పడేవాడు. లేచి బల్లకి క్షమాపణ చెప్పేవాడు. చెబుతూ చెబుతూ కుర్చీ మీద పడేవాడు. పిల్లలూ పెద్దలూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులే ఈనాడు ఆయన కాలికి ఎసరు పెడతాయని ఎవరు కలగన్నారు!

ఆ మధ్యాహ్నం కళ్ళజోళ్ళ దుకాణం నుంచి భోజనానికి వచ్చిన కూతురు ఉత్తరం చదివి, వంటింట్లో నీళ్ళగ్లాసు ఠపీమని పెట్టింది.

"వాళ్ళని అని ఏం లాభం అమ్మా? నాన్న గంతులు వేసింది నిజమే కదా! దేశమంతా చూసింది. కాళ్ళు చచ్చుబడిన మనిషి అలా ఎగురుతాడా అంటే నేనేం చెప్పను?"

"అది ఎగరడం కాదే తల్లీ..."

"మరి? నటనేగా! ఆ నటన కోసమే కదా మీరిద్దరూ నన్ను పక్కింటి అత్తయ్య దగ్గర పడేసి పోయింది! నాన్నంటే సరే, నటుడు. నీకేమొచ్చింది? బట్టలు కుట్టి ఇచ్చేసి ఇంటికి రావచ్చుగా? నాకు నూటమూడు జ్వరం వచ్చిన శనివారం కూడా స్టూడియోకే పోయావు. కాళ్ళు పట్టుకుని ఏడ్చాను నేను... మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు!"

బొత్తాలమ్మ మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న మాట! నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు అని భర్త చేయించుకున్న ప్రమాణం! కానీ ఎదురుగా నిలబడింది కన్నకూతురు... తల్లిని ఇంతకాలం కఠినాత్మురాలనుకుని బతికిన కూతురు! ఇంకా ఎలా దాస్తుంది?

"కూర్చో" అంది. స్టవ్ ఆపేసి తనూ పీట మీద కూలబడింది. "మీ నాన్న ఒక్కసారి కూడా నటించి పడలేదే. నిజంగానే పడ్డారు."

కూతురు తల్లికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"యుద్ధంలో అడవుల మీద ఆకులు రాలిపోయే మందు చల్లారు. శత్రువులు కాదు, మనవాళ్ళ విమానాలే! దాక్కున్నవాళ్ళు కనబడాలని. మీ నాన్న వాళ్ళూ ఆ అడవిలోనే నడిచారు. ఆ మందు తెచ్చిన పీపాలు కడిగి వాటిలోనే నీళ్ళు పట్టుకుని స్నానాలు చేశారు. ఎవరికి తెలుసు? వచ్చిన ఏడాదికల్లా అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. నేల తగలడం లేదే, దూది మీద నడుస్తున్నట్టుంది అనేవారు. ఆ మందు వల్లనే నీకు ముందు ముగ్గురు కడుపులోనే పోయారు. నువ్వు నిలిచావు. నీ చేతి వేళ్ళూ కాలి వేళ్ళూ లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయని ఎంత ఏడ్చామో!"

ఆవిడ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"స్టూడియోలో కుర్చీలు మోసే పనిలో చేరారు. ఒకరోజు రికార్డింగు మధ్యలో కాలు మడతపడి సెట్టు మధ్యకి వెళ్ళి పడ్డారు. పడి, సిగ్గుతో బల్లకి దణ్ణం పెట్టారు. అందరూ విరగబడి నవ్వారు. ఆ వేషం అలా వచ్చిందే. జబ్బుందని తెలిస్తే తీసేస్తారు కదా! అందుకని సోఫాని గోడ దగ్గర్నుంచి జరిపించి మధ్యలో వేయించాను. కోటు వీపున లోపలి గుడ్డకి సంచీ పిడి లాంటి పట్టీ కుట్టాను. సోఫా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన మరీ వాలిపోతుంటే ఆ పట్టీ పట్టుకుని ఆపేదాన్ని. లేకపోతే తల పగిలేది. ప్రతి శనివారం... పదకొండేళ్ళు! నీకు జ్వరం వచ్చిన రోజు నేను రాకపోతే ఆయన్ని పట్టుకునేవాళ్ళు ఎవరే?"

"అమ్మా! నీ మోకాళ్ళు... మిషను తొక్కి తొక్కి పోయాయన్నావే!"

"ఏదో ఒకటి చెప్పాలిగా!"

కూతురు కింద కూర్చుండిపోయింది. తల్లి మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను క్షమించమ్మా... ఎన్నెన్ని మాటలన్నాను నిన్ను!" బొత్తాలమ్మ ఆ తల నిమురుతూ ఉండిపోయింది. బిడ్డ మనసులో ముల్లు ఇన్నాళ్ళకి ఊడింది కదా అని ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక అందరికీ పెట్టుకుంది.

"చెప్పేశావన్నమాట!"

రెండు చేతికర్రల మీద గుమ్మంలో నిలబడి ఉన్నాడు తూలుడు మావయ్య. ఎన్నడూ గొంతు పెంచని మనిషి మొహం జేవురించింది.

"దీనికి చెప్పావు, సరే. ఆ డాక్టర్ల ముందు మాత్రం నోరు విప్పడానికి వీల్లేదు! నాకొచ్చిన ఉత్తరాలు నువ్వే కదే చదివి వినిపించావు? కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఒకావిడ, ఏడాది తర్వాత నిన్ను చూసే నవ్వాను నాయనా అని రాసిందే! ఇప్పుడు ఆ తల్లికి ఏమని చెప్తావు? నువ్వు నవ్వింది ఒక రోగిష్టివాణ్ణి చూసి అని చెప్తావా? సిగ్గుతో చచ్చిపోదూ! ఆ నవ్వులే నన్ను మనిషిగా నిలబెట్టాయి. ఆ నవ్విన వాళ్ళ రుణం ఈ జన్మకి తీరదు. వాళ్ళ నోట్లో మట్టి కొట్టి నా కాలు దక్కించుకోనా? పోతే పోనీ!"

"అంతేనండీ, పోతే పోనీ అనడానికి మీకేం! కడిగి కట్టు కట్టేది నేను కదా!" అని కసిరింది గానీ, ఆవిడ గుండె చెరువైపోయింది. చెబితే ఆయన మనసు విరుగుతుంది. చెప్పకపోతే కాలు పోతుంది. పద్దెనిమిదో తేదీ దాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు.

వైద్య మండలి గదిలో పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్ద డాక్టరమ్మ జుట్టు సగం నెరిసింది, మాట మర్యాదగానే ఉంది. "మిమ్మల్ని బాధపెట్టాలని కాదండీ" అంటూ గుమాస్తాకి సైగ చేసింది. గోడకున్న టెలివిజన్‌లో పాత బొమ్మ కదిలింది. కార్యక్రమం మొదలైన రెండో ఏటి భాగం అది. తెల్లటి తివాచీ మీద నల్లటి అడుగులు పడతాయి చూడండి, ఊరంతా ఏళ్ళ తరబడి చెప్పుకున్న భాగం! "ఇందులో ఈయన పన్నెండు నిమిషాలు ఆగకుండా తిరుగుతారు. కాళ్ళు పనిచేయని మనిషికి ఇది సాధ్యమా?"

తెర మీద పడుచు మావయ్య చెప్పులు లేకుండా తూలుతూ వచ్చాడు. చెక్కపలక ఒకటి కింద పడి ఉంది. దాని మీద కాలు వేశాడు. పలక చెప్పులా అతుక్కుపోయింది. కాలు విదిలించాడు, రాలేదు. పలకతోనే నాలుగు అడుగులు టకటకా నడిచి, దాన్ని పీకి, ఎవరిదో పోయిన వస్తువులా మర్యాదగా బల్ల మీద పెట్టాడు. టెలివిజన్‌లో జనం నవ్వులు. గుమాస్తా కూడా ముసిముసిగా నవ్వాడు. బొత్తాలమ్మ భర్త వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపాడాయన. కళ్ళతోనే బతిమాలుకున్నాడు. ఆవిడ చూపు ఆ కట్టు కట్టిన పాదం మీద పడింది...

"ఆపండమ్మా! అక్కడ ఆపండి!"

లేచి నిలబడింది. "ఏమండీ, నన్ను క్షమించండి. ఇన్నేళ్ళూ మీ మాట విన్నాను, ఇవాళ వినను. డాక్టరమ్మా, ఆ పలక అతుక్కున్నది జిగురుతో కాదు, మేకుతో! వడ్రంగి మర్చిపోయిన మేకు, బొటనవేలంత పొడుగు. ఎడమ అరికాల్లో దిగింది. ఆయనకి తెలియనే లేదు! తర్వాత తివాచీ మీద పడే ఆ నల్లటి అడుగులు సిరా కాదమ్మా... మా ఆయన రక్తం! నలుపు తెలుపుల్లో ఎవరికి తెలుస్తుంది? నేను సోఫా వెనక కూర్చుని చూశాను. అరవలేను, లేవలేను. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను!"

డాక్టరమ్మ లేచి వచ్చి, నేల మీద కూర్చుని, ఆయన ఎడమకాలి మేజోడు తనే విప్పింది. పాదం మధ్యలో పాత మచ్చ. తిరిగి వెళ్ళి ఆ ముక్క మూడుసార్లు వేయించి చూసింది.

"మేకు దిగినప్పుడు ఈయన మొహం చూడండి" అంది పక్కనున్న ఇద్దరితో. "రెప్ప కూడా కదల్లేదు. నొప్పి తెలిసిన మనిషి ఎంత గొప్ప నటుడైనా దీన్ని దాచలేడు. యుద్ధం నుంచి వచ్చిన కొద్ది ఏళ్ళకే నరాలు పోయాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఈయనకి వ్యతిరేకంగా మనం తెచ్చిన సాక్ష్యమే ఈయన పక్షాన నిలిచింది!" అని కాగితం ముందుకు లాక్కుని రాసి సంతకం పెట్టింది. "రేపు పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చండమ్మా. పాదం దక్కించడానికి మా శాయశక్తులా చూస్తాం."

కూతురు తల్లిని వాటేసుకుంది. "బతికించారు తల్లీ, మీ మేలు మర్చిపోము!" అని బొత్తాలమ్మ రెండు చేతులూ జోడించింది. కానీ మావయ్య తల ఎత్తలేదు. పాదం దక్కిన సంతోషం ఆ మొహంలో ఎక్కడా లేదు.

"ఇంకెవరు నవ్వుతారే..." అన్నాడు మెల్లగా. "అయిపోయింది. ఇంక ఎవరికీ నవ్వు రాదు."

మూడోసారి వేసిన బొమ్మని మళ్ళీ ఆపమని ఎవరూ చెప్పకపోవడంతో అది నడుస్తూనే ఉంది. తెర మీద మావయ్య తివాచీ మీది నల్లటి అడుగులు చూశాడు. దొంగ దూరాడనుకున్నాడు. వేలు నోటి మీద పెట్టుకుని, అడుగు వెంట అడుగు వేస్తూ సోఫా చుట్టూ ఆ దొంగని వెతికాడు. వెతికిన కొద్దీ అడుగులు పెరిగిపోతున్నాయి. టెలివిజన్‌లో జనం గొల్లుమంటున్నారు. గదిలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. గుమాస్తా తల దించుకున్నాడు. ఆ నిశ్శబ్దం వింటూ మావయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. అన్నేళ్ళ తన బతుకంతా ఆ గదిలో చచ్చిపోతున్నట్టు ఉంది ఆ ముసలాయన వాలకం.

తెర మీద అతను ఆగాడు. అనుమానంగా తన కాలే ఎత్తి చూసుకున్నాడు. ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం ఆ పడుచు మొహం తెల్లబోయింది. అది తన రక్తమని తెలిసిన క్షణం! స్టూడియోలో ఎదురుగా కూర్చున్న వాళ్ళలో పసిపిల్లలున్నారు, భయపడతారు. అంతే, గంభీరంగా కళ్ళు పెద్దవి చేసి, "దొరికావురా దొంగా!" అని తన చెవి తనే పట్టుకుని, వద్దు బాబోయ్ అని తనే బతిమాలుకుంటూ, తనని తనే బరబరా బయటికి ఈడ్చుకుపోయాడు!

ఫక్కుమని నవ్వు వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. బొత్తాలమ్మ! పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగడం లేదు. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి, భుజాలు ఎగిరిపడుతున్నాయి. "క్షమించండమ్మా... అయ్యో, ఆ మొహం చూడండి... తన చెవి తనే... అయ్యో రామా!" ఆ నవ్వు చూసి కూతురు నవ్వింది. డాక్టరమ్మ పెదవులు బిగబట్టింది, ఆపుకోలేక బల్ల మీద చెయ్యి వేసి తనూ నవ్వేసింది. రక్తమని తెలిసి, మేకు అని తెలిసి, జబ్బని తెలిసి నవ్వింది.

మావయ్య కళ్ళు తెరిచి భార్య వైపే వింతగా చూస్తున్నాడు. "నువ్వు... నన్ను చూసి నవ్వుతున్నావే!"

"ఎప్పుడు చూశానండీ మిమ్మల్ని?" ఆవిడ నవ్వుతూనే ఏడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుంది. "అప్పుడు నాకు కనబడింది మీ వీపే. తర్వాత టెలివిజన్‌లో మళ్ళీ వేసినప్పుడు భయమేసి వంటింట్లోకి పోయేదాన్ని. ఇంత బాగా చేసేవారని నాకు తెలియదండీ... నిజంగా తెలియదు!"

ఊరందరినీ నవ్వించి, పెళ్ళాన్ని మాత్రం ఏడిపిస్తూనే ఉన్నానని కుమిలిపోయిన మనిషి ఆయన. కర్ర ఊతంగా కాస్త ముందుకి వంగి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"డాక్టరమ్మా, ఏమీ అనుకోకపోతే ఇంకొక్కసారి మొదటినుంచి వేయించండమ్మా. మా ఆవిడ ఇప్పుడే చూస్తోంది."