అరచేతి కింద పాచికలు

"నా పిచర్‌ని ఎవరు తీసేశారు?"

హలో లేదు, పాడు లేదు. ఫోనెత్తగానే ఇదీ మాట.

మారెన్ చేతిలో మాంసం కూరిన బ్రెడ్ ఉండ, పెప్పరోనీ బాల్ ఒకటి, నోట్లో ఇంకోటి. అది మింగి, "నేనే తీసేశాను. మీరెవరు?" అంది.

"ఆ టీమ్ ఓనర్ని. వెస్లీ ట్రాస్క్."

"ఓహో, మంచు లారీ ఆయనా! మీ పిచర్ బాగా అలిసిపోయాడు సార్. ఇంకా బంతులు వేయిస్తే చెయ్యి ఊడొస్తుంది."

"అలిసిపోవడమేంటండీ? ఆయన పోయి ఇరవై ఏళ్లయింది!"

"అది మీ లోకంలో. ఇక్కడాయనకి ఇంకా పెళ్లి కూడా కాలేదు."

అవతల నవ్వు. బాగా అలిసిపోయినవాడి నవ్వు, సగంలోనే ఆవలింతగా మారిపోయింది.

ఇక్కడ అంటే అమెరికాలోని ఈరీ ఊళ్లో చర్చి కింది హాలు. చలికాలం శనివారం మధ్యాహ్నాలు ఎనిమిది మంది అక్కడ చేరి, 1958 నాటి బేస్‌బాల్ సీజన్ని మళ్లీ మొదటినుంచీ ఆడతారు. మైదానంలో కాదు, మడత బల్లల మీద. ఎప్పుడో మూతపడిపోయిన లీగ్ అది. అప్పటి ఆటగాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు. పాచికలు వేసి, ఆ అంకె ఎదురుగా కార్డులో ఏముంటే అది జరిగినట్టు. అంతా అయ్యాక సెక్రటరీ సీజన్ కథ రాసి ముగింపు విందులో చదువుతుంది. చదివాక ఇక అదే చరిత్ర, మార్చడానికి లేదు.

ఆ సెక్రటరీ మారెన్ డొంబ్రోస్కీ. ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పడిపోయినప్పుడల్లా లేపి నిలబెట్టడం ఆమె ఉద్యోగం. అది రోజూ పడిపోతుంది. శనివారం ఒక్కరోజైనా పోయినవాళ్లతో గడుపుదామని ఇక్కడికొస్తుంది. వాళ్లయితే అర్జెంట్ అని మెసేజ్ పెట్టరు.

వెస్ సంగతి ఇంకోటి. సిటీ తరఫున మంచు తోసే లారీ నడుపుతాడు. వాళ్ల మేనమామ ఫ్లోరిడా వెళ్లిపోతూ టానర్స్ టీమ్‌ని ఇతని నెత్తిన పెట్టి పోయాడు. ఈరీలో చలికాలమంతా మంచు తప్ప ఏముంది? ఒక్క శనివారమూ హాలుకి రాలేకపోయాడు.

రానివాళ్ల టీమ్‌ని వచ్చినవాళ్లు ఆడించాలి. అదీ మామూలుగా కాదు, సొంత టీమ్ కంటే జాగ్రత్తగా. ఎవరూ పక్కన నిలబడి పాచికల్లోకి తొంగి చూడరు, అలా చూస్తే అవమానించినట్టు. లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న మర్యాద అది. అలా వెస్ టీమ్ మారెన్ మీద పడింది.

రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు లారీలో నింపేటప్పుడు వెస్ ఫోన్ చేసేవాడు. ఆమె పాచికలు వేసి చెప్పేది. కొన్ని వారాలకి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది.

"ఏమైంది సెక్రటరీ గారూ?"

"అవుట్."

"మళ్లీనా? నా మీద ఏమన్నా కక్షా?"

"నీ మీద కాదు, నీ టీమ్ మీద. పోనీ ఇంకోసారి చూడు... రెండు పరుగులు. నా టీమ్ మీదే కొట్టారు, దరిద్రులు."

"సారీ."

"సారీ ఎందుకు, నా చేత్తో నేనే వేసుకున్నా."

ఒక్కోసారి ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అవతల లారీలో ఉప్పు రాలే చప్పుడు, ఇవతల పాచికల డబ్బా చప్పుడు. ఫోన్ మాత్రం ఎవరూ పెట్టేసేవాళ్లు కాదు. వారం మొత్తంలో మారెన్‌కి కాస్త ఊపిరాడే టైమ్ అదే. మొహం కూడా చూడని మనిషితో ఊరికే ఉండటం ఇంత హాయిగా ఉందేంటని ఆలోచించేది. ఆలోచించే ఓపిక కూడా లేక వదిలేసేది.

మారెన్ టీమ్ పేరు ఫెర్రీమెన్. అసలు అది తాతయ్యది. వాళ్లింట్లో తాతయ్యని జాజా అంటారు. ముప్పై ఏళ్లపైగా ఆడించినా జాజా ఒక్క సీజనూ గెలవలేదు. తుంటి విరిగి మెట్లు దిగలేక టీమ్‌ని మనవరాలికిచ్చాడు. ప్రతి ఆదివారం ఒకటే ప్రశ్న: "గెలిచామా?"

ఆ ఏడు మొదటిసారి గెలిచేలా ఉన్నారు. ఆఖరి శనివారం టానర్స్‌తో ఆట, ఎవరు నెగ్గితే సీజన్ వాళ్లది. సరిగ్గా అప్పుడే మారెన్‌కి జ్వరం తగులుకుంది. సరిగ్గా అప్పుడే ఎండ కాసి, వెస్ హాలుకి రాగలిగాడు.

ఈసారి అంతా తిరగబడింది. ఆమె దుప్పట్లో, అతను బల్ల దగ్గర.

"ఆఖరి ఇన్నింగ్స్. ఇంకో అవుట్ అయితే ఆట అయిపోతుంది. మీవాళ్లు ఒక్క పరుగు వెనకున్నారు, ఒకడు పరుగు మధ్యలో బేస్ మీదున్నాడు," అన్నాడు వెస్. "బ్యాటింగ్ ఎవరు?"

"కెర్ష్‌నర్," అంది మారెన్, గొంతు పూర్తిగా పోయింది. "నా ఖర్మ. ఆ ఎద్దు పరిగెత్తలేడు. వేసెయ్, ఈ పీడ వదిలిపోతుంది."

పాచికలు దొర్లిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"వెస్?"

"హోమ్ రన్," అన్నాడు. "బంతి కంచె దాటింది, రెండు పరుగులు. గెలిచావు."

అంత జ్వరంలోనూ లేచి జాజాకి ఫోన్ చేసింది. ఆయన ఏదో పాత పోలిష్ పాట ఎత్తుకుని, రెండో చరణం మర్చిపోయి, మొదటిదే మళ్లీ పాడాడు.

జ్వరం తగ్గాక సీజన్ కథ రాయడానికి కూర్చుంది. ఆఖరి పేరా వెస్‌కి ఫోన్లో వినిపించింది.

"'కెర్ష్‌నర్ కొట్టిన బంతి కంచె దాటి, రోడ్డు దాటి, పోయి సరస్సులో పడింది. ఆయన మాత్రం తీరిగ్గా, పోస్టుమాన్‌లా, బేసులన్నీ చుట్టి వచ్చాడు.' ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అన్నాడు వెస్, నసుగుతూ.

"ఏంటి, ఓడిపోయిన బాధా?"

"అది రాయకు."

"పోస్టుమాన్ బాలేదా? తీసేస్తా."

"ఆ పేరాయే రాయకు, మారెన్. అది జరగలేదు."

మారెన్ పెన్ను కింద పెట్టింది.

"పాచికలు ఆగకముందే వాటి మీద అరచెయ్యి కప్పేశాను," అన్నాడు. "చూడలేకపోయాను. అలాగే డబ్బాలో వేసేసి హోమ్ రన్ అన్నాను. ఏం పడిందో నాకూ తెలీదు."

"ఎందుకు?"

"చలికాలమంతా నీ టీమ్‌ని నువ్వే ఓడించుకుని నన్ను గెలిపించావు. ఒక్కసారి నీకేదైనా ఇద్దామనిపించింది."

"ఇవ్వడానికి నువ్వెవరివి? నేనేమన్నా అడుక్కున్నానా?" గొంతు మళ్లీ పోయేలా ఉంది. "రానివాళ్ల కోసం ఆడేది ఒక్క నమ్మకం మీద, వెస్. నీ కోసం వేసిన ప్రతి పాచికా ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు నష్టమైనా చెప్పాను. మా జాజా పాట కూడా పాడాడు, తెలుసా నీకు?"

"తెలీదు. మరి నేను నోరు మూసుకుని ఉండాల్సిందా?"

"అవును! లేదు. నాకు తెలీదు, పెట్టెయ్ ఫోన్."

మొదటిసారి ఫోన్ పెట్టేసింది. ఇల్లంతా బోసిగా అనిపించింది.

జాజాకి చెప్పకుండా రాసెయ్యొచ్చు. ఎవరూ తొంగి చూడలేదు, ఎవరూ అడగరు. మారెన్ ఆదివారం దాకా అదే ఆలోచించింది, పని చేస్తూ, అన్నం ముందు కూర్చుని కూడా. చివరికి జాజా ఇంటికెళ్లి, వంటింట్లో ఆయన ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేసింది.

ఆయన చెంచాతో కాఫీ తిప్పుతూనే ఉన్నాడు.

"ఎవరి టీమ్‌ని ఓడించుకున్నాడు?"

"వాడి సొంత టీమ్‌నే, జాజా."

"నీ కోసం?"

"ఆ."

"మీ అమ్మమ్మ కోసం నేనింత తెలివితక్కువ పని ఒక్కటీ చెయ్యలేదే పిల్లా. ఆవిడ చివరిదాకా దెప్పింది." చెంచా పక్కన పెట్టాడు. "రమ్మను వాణ్ణి. పాచికలు పట్టుకు రమ్మను."

శనివారం మధ్యాహ్నం వెస్ జాజా ఇంటికి వచ్చాడు. చేతిలో స్పాంజ్ క్యాండీ అనే చాక్లెట్ మిఠాయి పెట్టె. మారెన్ తలుపు తీసింది. ఫోన్లో గొంతుని బట్టి పెద్ద ఆకారం ఊహించుకుంది. ఎదురుగా సన్నటి మనిషి, చలికి ఎర్రబడ్డ చెవులు, నిద్ర చాలని కళ్లు. ఆ కళ్లు ఆమెని చూసి, బూట్లని చూసి, మళ్లీ ఆమెని చూశాయి.

"నువ్వు పొడుగ్గా ఉంటావనుకున్నా," అన్నాడు.

"నువ్వు తెలివిగా ఉంటావనుకున్నా. లోపలికి రా."

జాజా అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "నా చేత పాట పాడించింది నువ్వేనా?"

"నేనేనండీ. తప్పయిపోయింది."

"కూర్చో. ముందు ఆ క్యాండీ ఇటివ్వు."

కార్డు బల్ల మీద పెట్టారు. కెర్ష్‌నర్, బేస్ మీద ఒకడు, ఒక్క పరుగు వెనక.

"ఎవరు వెయ్యాలి?" అంది మారెన్.

"వేసింది వాడేగా, వాడే వెయ్యాలి," అన్నాడు జాజా. "ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోవోయ్."

వెస్ వేసి, నిజంగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పాచికలు క్యాండీ పెట్టెకి తగిలి ఆగాయి. మారెన్‌కి కార్డు చూడక్కర్లేదు, ఆ అంకెలు ఆమెకి కంఠతా వచ్చు.

"అవుట్," అంది.

వెస్ తల దించుకున్నాడు. గెలిచినవాడు ఇంత ఏడుపు మొహం పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

జాజా కార్డు తీసి, అంచు తుడిచి, మిగతా వాటిలో కలిపాడు. "అంటే వచ్చే చలికాలం దాకా నేను బతికి తీరాలన్నమాట. బాగానే పని పెట్టారు." అని వెస్ వైపు తిరిగి, "పిరోగీలు ఉన్నాయి, తిని వెళ్లు. మా పిల్ల చేసింది కాదులే, భయపడకు."

ఆలూ కూరి ఉడకబెట్టిన ఆ పిరోగీలు తింటుండగానే వెస్ ఫోన్ మోగింది. ఏప్రిల్ నెల అని కూడా చూడకుండా బయట మంచు మొదలైంది. అతను నిట్టూర్చి కోటు వేసుకున్నాడు. మారెన్ గుమ్మం దాకా వచ్చింది.

"కథ మార్చి రాస్తావా?" అన్నాడు.

"రాయాలిగా. టానర్స్ గెలిచారు, ఫెర్రీమెన్ మళ్లీ ఓడారు. సరస్సులో బంతీ లేదు, పోస్టుమానూ లేడు."

"ఇంకా కోపంగా ఉందా?"

"కోపానికి కూడా ఓపిక ఉండాలి వెస్." అతను కోటు పై గుండీ పెట్టుకోలేదు. తనే పెట్టింది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు. "ఉప్పు నింపేటప్పుడు ఫోన్ చెయ్యి."

"సీజన్ అయిపోయిందిగా. ఫోన్ చేసి ఏమనాలి?"

"నీ పిచర్‌ని ఎవరు తీసేశారో అడుగు," అంది మారెన్. "మిగతాది నేను చూసుకుంటాలే."