వెళ్ళొస్తానన్న మాట

మా మామగారు యుద్ధం నుంచి ఒక కుంటి కాలుతోనూ, ఒక చాదస్తంతోనూ తిరిగొచ్చారు. కాలి సంగతి ఊరంతా ఎరుగుదురు. కుంటి సిపాయి అని పిలిచేవాళ్ళు, ఆయనా పలికేవారు. చాదస్తాన్ని మాత్రం ఇంట్లోవాళ్ళమే భరించాం.

ఆ ఇంట్లో గడప దాటేటప్పుడు ఎవరూ "వెళ్ళొస్తా" అనకూడదు. "పోతున్నా" అనాలి.

నేను కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఆయన రంపం భుజాన వేసుకుని, "పోతున్నా" అని చక్కా పోయాడు. మా పుట్టింట్లో ఆ మాటంటే మా అమ్మ మూతి మీద ఒక్కటిచ్చేది. వెనక్కి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, "వెళ్ళొస్తా" అనిపించాకే పంపేది. ఇక్కడేమో మొగుడు రోజూ పోతాడు, మామగారు పోతారు, సంతకని అత్తగారు కూడా పోతుంది. ఇంటిల్లిపాదీ పోయేవాళ్ళే. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కారణం అత్తగారు చెప్పింది, ఉతికిన బట్టలు మడతపెడుతూ, గొంతు బాగా తగ్గించి.

మామగారు పదిహేడేళ్ళకే పటాలంలో చేరారట. తొమ్మిదేళ్ళు తుపాకీ మోశారు. ఆయన పక్కన నడిచేవాణ్ణి బక్కోడు అనేవాళ్ళట. ఇద్దరిదీ ఒకే దుప్పటి కింద పడుకున్న స్నేహం. ఆఖరి యుద్ధంలో బక్కోడి కడుపులో గుండు దిగింది. మొండిగోడకి ఆనించి కూర్చోబెడితే దాహం, దాహం అన్నాడు. "ఇప్పుడే వెళ్ళొస్తా" అని మామగారు చెంబు పట్టుకుని వాగు వైపు వెళ్ళారు. అంతలో వెనక్కి తగ్గమని బూరా ఊదారు. పటాలం పరుగెత్తింది. ఆయనా పరుగెత్తారు.

"మీ మామగారు ఇంటికొచ్చిన నెలలోనే తెలిసిందే అమ్మాయ్," అంది అత్తగారు. "ఈ ఇంట్లో ఎవరు వెళ్ళొస్తా అన్నా, బయట గోడ పక్కనుంచి వాడు 'సరే' అంటాడు. ఆ మాట తనకే ఇచ్చారనుకుంటాడు."

"అంటే ఏమవుతుంది?"

ఆమె చేతిలో చీర మడత విడిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ మడిచింది.

"మా పెద్దాడు నమ్మలేదు. నవ్వుతూ అనేసి వెళ్ళాడు. రెండ్రోజులకి దొరికాడు, పాత గోడకి ఆనుకుని కూర్చుని. చుట్టూ మోకాలి లోతు వాననీళ్ళు. పెదాలు ఎండి పగిలిపోయాయి. నీళ్ళల్లో కూర్చుని దాహంతో చచ్చిపోయాడే నా కొడుకు."

నేను సగం నమ్మాను. మిగతా సగం మా అమ్మ మాటకే వదిలేశాను. గడప దాటేటప్పుడు ఆ మాటా ఈ మాటా అనకుండానే దాటేదాన్ని.

అత్తగారు పోయాక ఇంటి పెత్తనం నాకొచ్చింది. నా కూతురికి ఐదేళ్ళు నిండాయి. ఈ ఏడు వర్షాకాలం మొదట్లో దాన్ని పుట్టింటికి తీసుకెళ్ళి, పదిరోజులూ కూర్చోబెట్టి నేర్పాను. పోతున్నా అనకూడదు, అంటే కొడతాను, వెళ్ళొస్తా అనాలి, తాతకి వినపడకుండా అనాలి. నాకు తెలివి ఎక్కువని అప్పటికి నా నమ్మకం.

తిరిగొచ్చిన మూడో రోజు. మా ఆయన రెండు బండిచక్రాలు అప్పజెప్పడానికి పొరుగూరు వెళ్ళాడు. మధ్యాహ్నమే మబ్బు కమ్మి ఇల్లంతా చీకటయింది. కుండపోతగా వాన. తడిసిన చెక్కపొట్టు వాసన, ఆరిన కొలిమి వాసన మా ఆయన బండిచక్రాలు చేసే పెరటి పాకలోంచి ఇంట్లోకి వస్తున్నాయి. మామగారు మంచం మీద కూర్చుని చక్రంలో బిగించే చెక్క ఆకులు నున్నగా చెక్కుతున్నారు. నేను దీపం వత్తి సరిచేస్తున్నాను.

పిల్ల బొమ్మబండి పాకలో మర్చిపోయింది. దిగ్గున లేచింది. తాతకి వినపడకూడదన్న సంగతి మర్చిపోయి, గొంతెత్తి అరిచింది.

"అమ్మా, వెళ్ళొస్తా!"

వాన చప్పుడు... ఒక్క క్షణం తగ్గినట్టయింది.

"సరే..."

గోడ అవతల నుంచి. ఎండిపోయిన గొంతు.

మామగారి చేతిలో ఉలి ఆగింది. నా వైపు చూశారు.

"నువ్వేనా నేర్పింది?" అన్నారు మెల్లగా.

తలూపాను. ఆయన ఉలి పక్కన పెట్టి మంచం దిగారు. తిడితే బాగుండేది. ఆ పూట నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

దీపం పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. వెనకాల ఆయన కుంటుకుంటూ వస్తున్న చప్పుడు. పాకలో చీకటి. కాలిన తుపాకిమందు వాసన... ఆ పాకలో ఎప్పుడూ లేని వాసన.

చక్రానికి తొడిగే కాలిన ఇనప పట్టాని చల్లార్చే నీళ్ళ తొట్టి పక్కన, గోడకి ఆనుకుని కూర్చుంది నా కూతురు. చేతిలో చెంబు.

"అమ్మా, ఈయనకి దాహమట. పోస్తూనే ఉన్నా. తాగినవన్నీ కింద నుంచి కారిపోతున్నాయి."

పక్కన ఎవరూ లేరు.

అది మళ్ళీ చెంబు వంచింది. నీళ్ళు గాల్లో ఆగాయి. కాసేపటికి, ఒక మూర కిందనుంచి, బొట్లు బొట్లుగా నేలమీద పడ్డాయి.

దాని పెదాలు అప్పుడే ఎండిపోయి తెల్లబడ్డాయి. రెక్క పట్టి లాగాను. రాలేదు. గౌను అంచు గోడ వైపు బిగుసుకుని ఉంది. దాని మీద ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టు నాలుగు ముడతలు.

మామగారు కుంటి కాలు చాపి నేలమీద కూలబడ్డారు.

"ఒరే బక్కోడా... నేనురా. తప్పు నాది. పిల్లనొదులు."

గౌను వదులవలేదు.

"వాడు నన్నడగట్లేదమ్మా," అన్నారు నా వైపు తిరిగి. "మాటిచ్చింది పిల్ల. అదే తెంచుకోవాలి. పోతున్నా అని చెప్పించు."

"ఊహూ," అంది పిల్ల. "అలా అనకూడదు. అమ్మ కొడుతుంది."

"కొట్టనే... నా తల్లి కదూ... అను."

"నువ్వే కదా వద్దన్నావు?"

"అను... పోతున్నా అను... తొందరగా."

పుట్టి బుద్ధెరిగాక, వద్దని చెప్పడానికి తప్ప, ఆ మాట నా నోటెంట రావడం అదే మొదలు. నా ఒక్కగానొక్క కూతురితో చెప్పించడానికి వచ్చింది.

పిల్ల నా కళ్ళలోకి చూసింది. గోడ వైపు తిరిగి, వంగి, ఏదో గొణిగింది. తర్వాత పైకి అంది.

"పోతున్నా."

గౌను అంచు వదులైంది.

దాన్ని చంకనేసుకుని పరుగెత్తాను. మామగారు లేవలేదు. "మీరు పదండి. నేను కాసేపు వీడి దగ్గర కూర్చుంటా," అన్నారు. ఆగి బతిమాలే ధైర్యం నాకు లేకపోయింది.

వాన వెలిశాక మా ఆయన వచ్చి పాకలోకి వెళ్ళాడు. తండ్రి గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నాడట. ఊపిరి లేదు. ముఖం మాత్రం ఎన్నడూ లేనంత ప్రశాంతంగా ఉందట. వెళ్ళి చూశాను. నిజమే. గుండెల మీంచి బరువు దిగింది. నలభై ఏళ్ళ బాకీ ఆయన ప్రాణంతో తీరిందనుకున్నాను, ఏడుస్తూనే.

పదో రోజున పిల్లకి తల దువ్వుతూ అడిగాను.

"ఆ రోజు గోడకేసి ఏం చెప్పావే?"

"ఏడుస్తున్నాడమ్మా, పాపం. అందుకని పోతున్నా అనేముందు చెవిలో చెప్పా. ఊరికే అలా అంటున్నా, మళ్ళీ వస్తాలే అని."

దువ్వెన జారింది.

"ఎప్పుడొస్తానన్నావు?"

"అమ్మ నిద్రపోయాక."

అది ఈ మాట చెప్పి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ కన్ను మూయలేదు. నాకు మతి పోయిందని మా ఆయన అంటున్నాడు. పాకకి తాళం వేయించాను. పిల్ల గౌనుకీ నా కొంగుకీ ముడేసినట్టు తిరుగుతున్నాను. ఇవాళ పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని గోడకి చేరగిలబడ్డాను. రెప్ప వాలినట్టుంది. ఎంతసేపు... పాలు పొంగను కూడా లేదు.

కళ్ళు తెరిచాను. పిల్ల నా ఒళ్ళోనే ఉంది. నిద్రపోతోంది. దాని జుట్టు తడిసి ముద్దయి ఉంది. వారం నుంచి బయట చినుకు లేదు.

కదిపాను. కళ్ళు విప్పకుండానే నవ్వింది.

"తాతక్కూడా దాహమట. రేపు రెండు చెంబులు తెమ్మన్నారమ్మా..."